చీటీలన్నీ ఒకసారి పక్కపక్కన పరచి చూడండి: మందులు రాసే డాక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్లకు,

22 ఏళ్లుగా ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. మీ చీటీలు చదవడమే నా బతుకుతెరువు. డాక్టర్ల చేతిరాత మీద లోకం ఎన్ని జోకులైనా వేసుకోనీండి, నాకు మాత్రం అదెప్పుడూ అడ్డు కాలేదు. అడ్డొచ్చేదల్లా చీటీ మీద మీరు రాయనిది. ఈ మందు ఎందుకు మొదలైంది, ఎన్నాళ్లు వాడాలి, ఇదే మనిషికి పక్క గదిలో కూర్చున్న డాక్టరు ఏం రాసిచ్చారు? చాలా చీటీల్లో ఈ మూడూ కనిపించవు.

దీన్ని ఫిర్యాదు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ముద్దాయిల వరసలో నేనూ నిలబడి ఉన్నాను. అదెలాగో ముందే చెప్పేస్తాను.

మా నాన్నకు 76 ఏళ్లు. అరికాళ్ల మంటలకని మూడేళ్ల కింద ఒకరు అమిట్రిప్టిలిన్ రాశారు, రాత్రిపూట 25 మిల్లీగ్రాములు. మంటలు తగ్గాయి, మాత్ర మాత్రం ఆగలేదు. ఆపమని ఎవరూ అనలేదు, ఆపొచ్చా అని మేమూ అడగలేదు. కిందటేడు పేర్లు మర్చిపోవడం, చెప్పిందే మళ్లీ చెప్పడం మొదలయ్యాయి. ఇంకొకరు పరీక్షలు చేసి, మతిమరుపు జబ్బని తేల్చి డోనెపెజిల్ 5 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఆ జబ్బుకు అది ఇవ్వాల్సిన మందే. ఆరు వారాలు తిరిగేసరికి నాన్న బాత్‌రూమ్‌కి పరుగులు పెట్టడం మొదలుపెట్టారు. ఒకటి రెండుసార్లు దారిలోనే బట్టలు తడిశాయి. ఆ సిగ్గుకి గదిలోంచి బయటికి రావడమే మానేశారు. మూత్రం సమస్య కదా అని మూత్రకోశాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఆక్సీబ్యుటినిన్ రాశారు, రెండు పూటలా. తర్వాత ఒళ్లంతా దురదలు. వాటికి మరొకరు హైడ్రాక్సిజిన్ ఇచ్చారు. ఈలోగా మతిమరుపు ముదిరిందని డోనెపెజిల్ 5 కాస్తా 10 అయింది.

నలుగురు డాక్టర్లు, నలుగురూ మంచివాళ్లే. ఎవరి చీటీ వాళ్లది విడిగా చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఇంట్లో నాలుగు నెలల పాటు జరిగింది ఇది. మాత్ర నాలుకకు అతుక్కుపోయి రెండు గ్లాసుల నీళ్లు తాగితే గానీ దిగేది కాదు. మాట్లాడుతుంటే నాలుక అంగిలి నుంచి టక్కుమని ఊడొచ్చే చప్పుడు వినిపించేది. పేపర్లో అక్షరాలు అలుక్కుపోతున్నాయంటే కళ్లజోడు మార్పించాం. విరేచనం సాఫీగా కావడం లేదంటే దానికో సిరప్ తెచ్చాం. తెచ్చింది నేనే. ఫార్మసీలో రోజంతా ఇతరుల చీటీలు చూసే మనిషిని, మా ఇంటి అలమారలో ఉన్న నాలుగు స్ట్రిప్పుల్ని ఒకచోట పెట్టి చూడలేదు. వయసు మీద పడింది, అంతే అనుకున్నాను.

ఒక రాత్రి రెండింటప్పుడు మెలకువ వచ్చి చూస్తే నాన్న మంచం మీద కూర్చుని దుప్పటి మీంచి ఏదో ఏరుతున్నారు. రెండు వేళ్లతో పట్టుకోవడం, పక్కన పడేయడం. మళ్లీ పట్టుకోవడం. ఏంటి నాన్నా అంటే, "చీమలు పట్టాయే, దులిపెయ్" అన్నారు. దుప్పటి మీద ఏమీ లేదు. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది, చెమట చుక్క లేదు. పొత్తికడుపు రాయిలా ఉంది. మధ్యాహ్నం నుంచి ఒక్కసారి కూడా మూత్రానికి వెళ్లలేదని అప్పుడు తెలిసింది.

ఎమర్జెన్సీలో క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేస్తే సంచిలోకి 900 మిల్లీలీటర్లు దిగింది. డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు మా అబ్బాయి వయసు పిల్లాడు. "అమ్మా, ఈయన వేసుకునే మందులన్నీ తెచ్చారా?" అని అడిగాడు. నా సంచిలోంచి చీటీలు తీసి నాన్న కాళ్ల దగ్గర, మంచం మీదే వరసగా పరిచాడు. వేలితో ఒక్కో పేరు మీద ఆగుతూ వెళ్లి, చివర్న నా వైపు తిరిగి, "మీరు ఏం చేస్తుంటారమ్మా?" అన్నాడు. మామూలుగా అడిగిన మాటే అది. ఫార్మసిస్టుని అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇక విషయానికి వస్తాను. ఇందులో చాలా భాగం మీకు వైద్యవిద్య రెండో ఏట చెప్పిన పాఠమే. బహిరంగ లేఖ కాబట్టి మీ వెనక నిలబడి చదివే రోగుల కోసం కూడా రాస్తున్నాను, విసుక్కోకండి.

నరం తన మాటను పక్కవాళ్లకు చేరవేయడానికి వాడుకునే రసాయనాల్లో అసిటైల్‌కోలిన్ ఒకటి. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్పగుండెలతో ప్రయోగం చేశాడు. ఒక గుండెకు ఉన్న వేగస్ నరాన్ని కరెంటుతో ప్రేరేపించి అది నెమ్మదిగా కొట్టుకునేలా చేశాడు. ఆ గుండెను తడిపిన ద్రవాన్ని తీసి రెండో గుండెకు పెడితే, నరాన్ని ముట్టుకోకుండానే అదీ నెమ్మదించింది. అంటే నరం చెప్పిన మాట నీళ్లలో కలిసి వచ్చిందన్నమాట. ఈ ఆలోచన తనకు నిద్రలో తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ పదార్థం మీద అంతకు ముందే పనిచేసిన హెన్రీ డేల్‌కు, లోవీకి కలిపి 1936లో నోబెల్ బహుమతి వచ్చింది.

నోట్లో లాలాజలం ఊరడం, కంట్లో తడి, ఒంటికి చెమట, పేగుల కదలిక, మూత్రాశయం ముడుచుకోవడం, కంటిపాప చిన్నదవడం, గుండె నిదానించడం అన్నీ ఈ రసాయనం చేతిలో పనులే. కండరం కదలాలన్నా ఇదే కావాలి. మెదడులో జ్ఞాపకానికీ, ధ్యాసకూ ఇదే ఆధారం. ఈ పనిని పెంచేవి కోలినర్జిక్ మందులు, అడ్డుకునేవి యాంటీకోలినర్జిక్ మందులు. ఒక జట్టుకు నోరు, కళ్లు, ముక్కు అన్నీ కారతాయి, కడుపు ఆడుతుంది, పల్సు పడిపోతుంది. రెండో జట్టుకు అన్నీ ఎండిపోతాయి, బిగుసుకుపోతాయి, గుండె దడదడలాడుతుంది, మోతాదు మించితే మతి చలిస్తుంది. ఉమ్మెత్తకాయ తిన్నవాడి గురించి మన పెద్దలు చెప్పుకున్న లక్షణాలన్నీ ఈ రెండో జట్టువే. ఉమ్మెత్తలో ఉండేవి అట్రోపిన్, స్కోపోలమిన్, హయోసయమిన్.

ఈ రెండు జట్లనూ కళ్లారా చూడాలంటే ఎమర్జెన్సీ వార్డుకు రావాలి. పురుగుమందు తాగినవాళ్లను తీసుకొస్తారు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును కట్టిపడేస్తాయి. డోనెపెజిల్ చేసేదీ అదే ఎంజైము మీద అదే పని, కాకపోతే కొలతతో, మెత్తగా. పురుగుమందుకు కొలత ఎక్కడిది? నోటి వెంట నురగ, సూదిమొనంత కంటిపాపలు, ఊపిరితిత్తుల నిండా గురగుర, నెమ్మదించిన గుండె. విరుగుడుగా ఇచ్చేది అట్రోపిన్. ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఫలితం చాలకపోతే అయిదేసి నిమిషాలకు రెట్టింపు చేసుకుంటూ పోతారు. ఛాతీలో గురగుర పోయి, పల్సు 80 దాటి, రక్తపోటు నిలబడితే డ్రిప్పు మీదికి మారుస్తారు. ఆ గంటలో ఆంప్యూల్స్ అందించలేక మా ఫార్మసీ కిటికీ దగ్గర చేతులు పడిపోతాయి. అట్రోపిన్ గొప్పతనం ఒకరు చెబితే నమ్మే అవసరం నాకు లేదు.

ఇక్కడో సంగతి గమనించండి. అట్రోపిన్ ఎక్కువైతే ఆ వార్డులో నర్సు ఇట్టే పసిగడుతుంది. రోగి గాలిలో ఏదో పట్టుకోబోతాడు, దుప్పటి పీకుతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. ఒళ్లు వేడెక్కుతుంది, చెమట ఉండదు. కడుపు మీద స్టెతస్కోపు పెడితే పేగుల చప్పుడు వినపడదు, మూత్రం నిలిచిపోతుంది. "సార్, అట్రోపిన్ ఎక్కువైనట్టుంది" అని నర్సు అంటుంది, డ్రిప్పు ఆపుతారు, కాస్త కుదుటపడ్డాక తగ్గించి మళ్లీ పెడతారు. గంటలో తేలిపోయే వ్యవహారం.

మా నాన్నకు వచ్చినవి అక్షరాలా అవే లక్షణాలు. గంటలో రావాల్సినవి నాలుగు నెలల్లో వచ్చాయి, ఒక్క సీసాలోంచి కాకుండా మూడు స్ట్రిప్పుల్లోంచి వచ్చాయి, అంతే తేడా. పైగా రోగికి తెల్లజుట్టు ఉంది. ఆ తెల్లజుట్టు చూసి మనమంతా మోసపోయాం.

అమిట్రిప్టిలిన్‌ను మీరు నరాల నొప్పికి రాస్తారు, హైడ్రాక్సిజిన్‌ను దురదకు రాస్తారు, ఆక్సీబ్యుటినిన్‌ను మూత్రాశయానికి రాస్తారు. రాసేటప్పుడు మీ మనసులో ఉండేది ఆ ఒక్క పనే. అసిటైల్‌కోలిన్ రిసెప్టర్లకు (ఆ రసాయనం కణం మీద అతుక్కునే చోట్లకు) మీ మనసులో ఏముందో తెలియదు కదా. వాటి దృష్టిలో ఈ మూడూ ఒకే మందు. ఈ భారాన్ని అంకెల్లో కొలవడానికి 2008లో ఒక కొలబద్ద వచ్చింది. ఒక్కో మందుకు 1 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 3 గానీ అంతకు మించి గానీ అయితే జాగ్రత్త పడాలి. నాన్న వేసుకున్న ఈ మూడింటికీ విడివిడిగా తలా 3. కూడితే 9. ఆ కూడిక చెయ్యడానికి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

ఈ జాబితాలో ఉన్నామని పైకి చెప్పుకోని మందులు ఇంకా చాలా ఉన్నాయి. జలుబు మాత్రల్లో దాక్కున్న క్లోర్‌ఫెనిరమిన్, నిద్ర కోసం జనం సొంతంగా కొనుక్కునే డైఫెన్‌హైడ్రమిన్, వాంతులకు ప్రోమెథజిన్, కడుపునొప్పికి డైసైక్లోమిన్, దిగులుకు పారోక్సెటిన్, మానసిక వ్యాధులకు ఒలాంజపిన్, క్లోజపిన్. క్లోజపిన్ మరీ వింత మందు. రాత్రుళ్లు దిండు తడిసేలా చొంగ కార్పిస్తుంది, అదే సమయంలో పేగుల్ని మొద్దుబారుస్తుంది. దిండు తడిసిందని రోగి చెబుతాడు, అయిదు రోజులుగా విరేచనం కాలేదని చెప్పడు. చొంగకు విరుగుడుగా మరో యాంటీకోలినర్జిక్ రాస్తే పేగు పూర్తిగా ఆగిపోయి ప్రాణం మీదికి రావచ్చు. దయచేసి ఆ మందు రాసే ప్రతిసారీ విరేచనం సంగతి నోరు తెరిచి అడగండి.

ఇప్పుడు నా అసలు బాధ. డోనెపెజిల్ అసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది, దాంతో మూత్రాశయం కూడా చురుకెక్కి, ఆపుకోలేని తొందర వస్తుంది. ఇది ఆ మందు దుష్ఫలితాల్లో ఒకటి, మందు డబ్బాలో పెట్టే కరపత్రంలోనే ఉంటుంది. దాన్ని కొత్త జబ్బుగా లెక్కగట్టి ఆక్సీబ్యుటినిన్ ఇచ్చాం. ఆక్సీబ్యుటినిన్ మెదడులోకి కూడా చొరబడి డోనెపెజిల్ చేసే మేలును తుడిచిపెట్టింది. మతిమరుపు పెరిగింది. అది జబ్బు ముదరడం అనుకుని డోనెపెజిల్ పెంచాం. ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగిందంటారే, ఆ బండి మా ఇంట్లో నాలుగు నెలలు నడిచింది. నాన్న దాని కింద పడ్డారు.

ఈ రెండు జట్లను కలిపి ఇవ్వడమే తప్పని నేను అనడం లేదు. కలిపి ఇవ్వడంలో మీ మత్తు డాక్టర్లకున్న నేర్పు చూసి నేను ఎన్నిసార్లు మురిసిపోయానో. ఆపరేషన్ చివర్లో, కండరాలకిచ్చిన సడలింపు మందును తిప్పికొట్టడానికి నియోస్టిగ్మిన్ ఇస్తారు. దాని వల్ల కండరాలకు బలం వస్తుంది గానీ గుండె నెమ్మదిస్తుంది, గొంతులో స్రావాలు ఊరతాయి. అందుకని దాంతో పాటే గ్లైకోపైరోలేట్ కూడా ఎక్కిస్తారు. అది గుండెనూ లాలాజల గ్రంథుల్నీ కాపాడుతుంది, మెదడులోకి దాదాపు వెళ్లదు, కండరాల బలానికి అడ్డు రాదు. ఏ మందు ఎక్కడికి వెళుతుంది, ఎక్కడికి వెళ్లకూడదు అన్న లెక్క అంత కచ్చితంగా ఉంటుంది. 2024 సెప్టెంబరులో అమెరికాలో స్కిజోఫ్రీనియాకు అనుమతి పొందిన కొత్త మందుదీ ఇదే ఉపాయం. జానోమెలిన్ మెదడులో మస్కరినిక్ రిసెప్టర్లను (అసిటైల్‌కోలిన్ రిసెప్టర్లలో ఒక రకం) తట్టిలేపుతుంది. అది కడుపులో చేసే అల్లరిని ఆపడానికి, మెదడు గడప దాటలేని ట్రోస్పియం అనే యాంటీకోలినర్జిక్‌ను అదే గుళికలో పెట్టారు. ఇద్దరు ప్రత్యర్థుల్ని ఎవరి గదిలో వాళ్లని కూర్చోబెట్టి పని చేయించుకోవడం ఇది. నాన్న విషయంలో ఇద్దర్నీ ఒకే గదిలోకి తోసి తలుపేశాం. తోస్తున్నామని కూడా ఎవరికీ తెలియదు.

ఈ మందులు వాడొద్దని కూడా అనడం లేదు. అలా చదువుకుంటారేమోనన్న భయంతో ఇది విడిగా రాస్తున్నాను. కండరాలు బలహీనపడే మయస్తీనియా గ్రావిస్ జబ్బు వచ్చి కనురెప్పలు వాలిపోయిన మనిషి పైరిడోస్టిగ్మిన్ వేసుకున్నాక అరగంటా ముప్పావు గంటలో కళ్లు పూర్తిగా తెరవడం నేను చూశాను. 1934లో మేరీ వాకర్ అనే వైద్యురాలు, ఈ జబ్బు కండరాలను చచ్చుబడేసే క్యూరారే విషంలా ఉందే, దాని విరుగుడు ఎందుకు పనిచేయకూడదు అని ఫైసోస్టిగ్మిన్ ఇచ్చి చూసిన రోజు నుంచి ఆ జబ్బు కథే మారిపోయింది. రేడియేషన్ తర్వాత నోరు ఎండిపోయినవాళ్లకు పైలోకార్పిన్ మాత్ర లాలాజలాన్ని తిరిగి తెస్తుంది, బదులుగా చెమటలు పట్టిస్తుంది. అదే పైలోకార్పిన్ చుక్కలు గ్లాకోమాలో కంటి ఒత్తిడి తగ్గిస్తాయి, కనుబొమల దగ్గర నొప్పిని, చీకట్లో మసకను వెంట తెస్తాయి. పొగతో పాడైన ఊపిరితిత్తులకు టియోట్రోపియం రోజుకొక్కసారి పీలిస్తే చాలు. ప్రయాణంలో వాంతులకు చెవి వెనక అంటించే హయోసిన్ (ఉమ్మెత్తలోని స్కోపోలమినే) ప్యాచ్ మూడు రోజులు పనిచేస్తుంది.

ప్యాచ్ అంటే గుర్తొచ్చింది, రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. హయోసిన్ ప్యాచ్ ముట్టుకున్న వేలితోనే కన్ను నలుపుకుంటే ఆ ఒక్క కంటిపాప పెద్దదైపోతుంది. ఊపిరి ఆడనివాళ్లకు పీల్పించే ఇప్రాట్రోపియం (ఇదీ యాంటీకోలినర్జికే) నెబులైజర్ మాస్కు సరిగా బిగించక పొగ కంట్లోకి పోయినా అంతే. తలలో రక్తం గడ్డకట్టిందేమోనని స్కానింగ్‌కు పరుగులు తీస్తారు. స్కానింగ్‌కు ముందు నెబులైజర్ పెట్టారా, ప్యాచ్ ఉందా అని ఒక్క మాట అడిగితే పోయేదేం లేదు. ఇక మతిమరుపుకు వాడే రివాస్టిగ్మిన్ ప్యాచ్‌ది ఇంకో తంటా. పాతది తీయకుండానే కొత్తది అంటిస్తారు. మర్చిపోయే జబ్బున్న మనిషికి రోజూ తీసి అంటించే మందు ఇస్తున్నామని మనకైనా గుర్తుండాలి. వీపు మీద మూడు ప్యాచ్‌లతో, వాంతులతో, పడిపోయిన పల్సుతో వచ్చిన పెద్దావిడను చూశాను. అంటించే మనిషికి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి, లేదా మా దగ్గరికి పంపండి, మేం చెబుతాం.

పల్సు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. డోనెపెజిల్ జట్టు మందులు గుండెను నెమ్మదింపజేస్తాయి. ఆ మనిషి బీపీకో, గుండెకో బీటా బ్లాకర్ కూడా వాడుతుంటే రెండూ కలిసి పల్సును పడగొడతాయి. కళ్లు తిరుగుతాయి, పడతారు, తుంటి విరుగుతుంది. తుంటికి ఆపరేషన్ జరుగుతుంది, గుండెకు పేస్‌మేకర్ పడుతుంది, డిశ్చార్జ్ సమ్మరీలో డోనెపెజిల్ 10 అలాగే ఉంటుంది. ఆకలి చచ్చి బరువు తగ్గుతున్న మతిమరుపు రోగిలో కూడా మొదట అనుమానించాల్సింది ఈ మందునే.

పెద్దవయసు వాళ్లకు ఏ మందులు తప్పించాలో చెప్పే బీర్స్ జాబితా 1991 నుంచి ఉంది, 2023లో కూడా సవరించారు. పాతతరం యాంటీహిస్టమిన్లను, అమిట్రిప్టిలిన్ లాంటివాటిని పెద్దవాళ్లకు వద్దని అందులో రాసే ఉంది. 2015లో అమెరికాలో 65 దాటిన 3,434 మందిని ఏళ్ల తరబడి గమనించి వెలువరించిన అధ్యయనంలో, బలమైన యాంటీకోలినర్జిక్‌లు ఎక్కువగా, ఎక్కువ కాలం వాడినవాళ్లలో డిమెన్షియా (ముదిరే మతిమరుపు జబ్బు) ఎక్కువ కనిపించింది. 2019లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన మరింత పెద్ద అధ్యయనం దిగులు మందులు, పార్కిన్సన్స్ మందులు, మూత్రాశయం మందులు, సైకోసిస్ మందులు, మూర్ఛ మందుల విషయంలో ఇలాంటి సంబంధమే చూపించింది. యాంటీహిస్టమిన్ల విషయంలో, కడుపునొప్పి మందుల విషయంలో చూపించలేదు. వీటిని పట్టుకుని మందే డిమెన్షియా తెచ్చిందని తీర్పు ఇవ్వలేం. డిమెన్షియా పైకి తేలకముందే నిద్ర పట్టకపోవడం, దిగులు, మూత్రం తొందర మొదలవుతాయి, వాటి కోసమే ఈ మందులు ఇచ్చి ఉండవచ్చు. కానీ దీర్ఘకాలపు సంగతి తేలేదాకా ఆగనక్కర్లేదు. ఈ వారం మందు మొదలుపెడితే వచ్చే వారం మతి చలించే ప్రమాదం గురించి ఎవరికీ సందేహం లేదు.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. కొత్త ఫిర్యాదుతో వచ్చిన పెద్దాయనకు మందు రాసే ముందు, గత మూడు నెలల్లో కొత్తగా ఏ మందు మొదలైందో అడగండి. నోరు పొడిబారింది, మలబద్ధకం, చూపు మసక, మూత్రం తొందర, మూత్రం రాకపోవడం, కొత్తగా వచ్చిన తికమక, వీటిలో ఏ ఒక్కటి విన్నా కలం పట్టుకునే ముందు పాత చీటీలు పట్టుకోండి. మందు పక్కన ఎందుకో రెండు మాటల్లో రాయండి. "నరాల నొప్పికి, మూడు నెలలు, తర్వాత చూడాలి" అని రాసి ఉంటే మూడేళ్ల అమిట్రిప్టిలిన్ మా ఇంట్లో ఉండేదే కాదు. ట్రైహెక్సీఫెనిడిల్ అనే యాంటీకోలినర్జిక్ సంగతి కూడా ఇంతే. సైకోసిస్ మందు వల్ల మెడ పట్టేసినప్పుడు ఇచ్చిన ఆ మాత్ర, మెడ సర్దుకున్న ఎన్నో ఏళ్ల తర్వాత కూడా చీటీ నుంచి చీటీకి నకలు అవుతూనే ఉంటుంది. ముందుజాగ్రత్తగా అందరికీ రాయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

గ్లాకోమా ఉందా, ప్రోస్టేట్ పెరిగిందా అన్నవి ఈ మందులకు ముందు అడగాల్సిన ప్రశ్నలని మీకు తెలుసు. అడిగే తీరిక ఉండటం లేదనీ నాకు తెలుసు. ఓపీ బయట వరస చూస్తూనే ఉంటాను కదా. ఆ ప్రశ్నలు మాకు అప్పగించండి. ప్రత్యామ్నాయాలు లేవని కూడా అనకండి. మూత్రం తొందరకు మిరాబెగ్రాన్ ఈ జట్టుది కాదు, బీపీ చూసుకుని ఇవ్వొచ్చు. వేళ ప్రకారం బాత్‌రూమ్‌కు తీసుకెళ్లే అలవాటు చేస్తే మందే అక్కర్లేని వాళ్లున్నారు. దురదకు మత్తు తక్కువగా ఉండే కొత్తతరం మాత్రలున్నాయి.

మా ఫార్మసిస్టులకు కూడా ఒక మాట. రెండు మందులు పడవని కంప్యూటర్ తెర మీద ఎర్రగా హెచ్చరిక వస్తుంది. రోజంతా అవే వస్తుంటాయి కాబట్టి చదవకుండా మూసేయడం చేతికి అలవాటైపోయింది. డోనెపెజిల్, ఆక్సీబ్యుటినిన్ జంటకు వచ్చే హెచ్చరికను నేనే ఎన్నిసార్లు మూశానో లెక్కలేదు. ఫోన్ చేస్తే డాక్టరు కసురుకుంటారని భయం. డాక్టర్లూ, ఆ ఫోన్ ఎత్తినప్పుడు దయచేసి కసురుకోకండి.

ఈ లేఖ చదివి ఎవరైనా ఇంట్లో మందులు ఉన్నపళంగా ఆపేస్తారేమోనని భయంగా ఉంది. ఆ పని చేయకండి. చాలాకాలం వాడిన యాంటీకోలినర్జిక్‌ను ఒక్కసారిగా ఆపితే వాంతులు, చెమటలు, నిద్రలేమి రావచ్చు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు బిగుసుకుపోవచ్చు. మయస్తీనియా మందు మానేస్తే ఊపిరి కండరాలే మొరాయించవచ్చు. చీటీలన్నీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఏది ఎలా తగ్గించాలో ఆయన్నే చెప్పనివ్వండి.

నాన్నకు ఆక్సీబ్యుటినిన్, హైడ్రాక్సిజిన్ ఆ రాత్రే ఆపారు. అమిట్రిప్టిలిన్‌ను కొన్ని వారాల మీద తగ్గించుకుంటూ వచ్చి మానిపించారు. డోనెపెజిల్ మళ్లీ 5కి దిగింది. నాలుగో రోజుకు చీమలు పోయాయి. పదో రోజు క్యాథెటర్ తీశారు. మూడో వారం పాత కళ్లజోడు వెతికి పెట్టుకుని పేపరు చదివారు, కొత్తది పనికిరావడం లేదన్నారు. మరుపు పోలేదు. అది నిజంగా ఉన్న జబ్బు, పోదు. నిన్న నా పేరుకు బదులు అత్త పేరు పెట్టి పిలిచారు. పిలిచి, తప్పు తెలుసుకుని నవ్వారు. ఆ నవ్వు నాలుగు నెలలుగా లేదు.

వచ్చే నెల నాన్నకు ముగ్గురు డాక్టర్ల దగ్గర చూపించాల్సి ఉంది. పాతవీ కొత్తవీ చీటీలన్నీ ఒకే కవరులో పెట్టుకుని వస్తాను. మీ బల్ల మీద అవి పరచడానికి కాస్త చోటు ఇప్పించండి.

నమస్కారాలతో,
ఒక ఆసుపత్రి ఫార్మసిస్టు